పద్దెనిమిది అడుగుల వంటిల్లు

ఏప్రిల్ ముప్ఫైన నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మే రెండో తారీకు పొద్దున్నే మా మరదలు ప్రిసిల్లా ఒక ఇంజనీరుని ఇంటికి పిలిపించింది. మధ్యలో ఒక్కరోజు ఊపిరి పీల్చుకోనిచ్చింది, అందుకు మాత్రం ఆమెకి థాంక్స్ చెప్పుకోవాలి.

మాది రెజిమెంటల్ బజార్లో పాత పెంకుటిల్లు. నాన్న రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు కొని, నా పేరునా తమ్ముడు రోనాల్డ్ పేరునా రాసి పోయాడు. కింద హాలు, ఒక పడకగది, వెనక వంటిల్లు. వంటింటి మీద చెక్క మిద్దె, ఆ మిద్దె మీద నా గది. వంటింటి మూల నుంచి పదమూడు మెట్లెక్కితే నా మంచం, నా కిటికీ, ముప్ఫైనాలుగేళ్ళ లెక్కల నోట్సులు. తమ్ముడూ మరదలూ కింద ఉంటారు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఇక్కడ మళ్ళీ చెప్పను.

ఇంజనీరు పేరు విష్ణువర్ధన్. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. కడప బండ గట్టుని గోటితో గీకి చూశాడు. పొగచూరిన గూళ్ళకి ఫోటోలు తీశాడు. తర్వాత టాబ్లెట్ బల్ల మీద పెట్టి బొమ్మ చూపించాడు.

"వాల్టెడ్ సీలింగ్ మేడం. ఇప్పుడు మీకు హైటు ఎనిమిది అడుగులే ఉంది. అందుకే ఊపిరాడనట్టు ఉంటుంది. పైన పెంకుల దాకా ఓపెన్ చేసేస్తే పద్దెనిమిది వస్తుంది. రెండు పక్కలా వాలు, లోపల చెక్క ప్యానెళ్ళు, మధ్యలో అద్దం. లుక్కే మారిపోతుంది."

బొమ్మ బాగుంది, అబద్ధం ఎందుకు. తెల్లటి గట్లు, నడిమధ్యన ఇంకో గట్టు, దాని మీద మా ఇంట్లో ఎవరూ కొనని పళ్ళు. పైన గాల్లో మూడు దీపాలు వేలాడుతున్నాయి. ఆ చోటేదో తెలిసినట్టు అనిపించి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను.

"ఈ దీపాలున్న చోట ప్రస్తుతం ఒక మంచం ఉంది బాబూ," అన్నాను. "దాని మీద నేను పడుకుంటాను."

విష్ణువర్ధన్ ప్రిసిల్లా వైపు చూశాడు. ప్రిసిల్లా పొయ్యి వైపు చూసింది.

"వదినా, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, ఆ మెట్లు ఎన్నాళ్ళని ఎక్కుతారు. ముందు వరండా మూసేసి మీకు గది కట్టిద్దామనుకుంటున్నాం. అటాచ్డ్ బాత్రూంతో."

"వరండాలో బాత్రూమా. బజారంతా వినబడుతుంది."

"సౌండ్ రాకుండా చేయొచ్చు మేడం," అన్నాడు విష్ణువర్ధన్.

"సరే, పద్దెనిమిది అడుగుల ఎత్తున బూజు పడితే ఎవరు దులుపుతారు? నువ్వొస్తావా?"

రాడని మొహం చూస్తేనే తెలిసింది. రోనాల్డ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. ఆఫీసులో పాతికమందికి పనులు పురమాయిస్తాడంటారు, ఇంట్లో మాత్రం వాడి గొంతు వినాలంటే ఫోను రావాలి. "నువ్వేమంటావురా" అని అడిగాను. "చూద్దాం అక్కా" అన్నాడు. నలభై ఏళ్ళుగా అన్నిటికీ వాడిది అదే జవాబు.

మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన ఉంటుంది. చిన్నవాళ్ళతో మొదలై పెద్దవాళ్ళతో ముగియాలని నాన్న పెట్టిన పద్ధతి. ప్రిసిల్లా మొదలుపెడుతుంది. రోనాల్డ్ వంతు వచ్చినప్పుడల్లా "నేను మనసులో చేసుకున్నాను" అంటాడు. ముగింపు ప్రార్థన నాది. మాలాంటి ఇళ్ళలో ఒక సంగతి ఉంది, బయటివాళ్ళకి తెలియదు. మేం మొహాలు చూసుకుని పోట్లాడుకోవడం తక్కువ. కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పినట్టు చెప్పి పోట్లాడుకుంటాం. ప్రార్థనకి ఎవరూ ఎదురు చెప్పకూడదు, ఆమెన్ అనాల్సిందే. అందుకని చివరి ప్రార్థన చేసేవాళ్ళదే గెలుపు.

ఆ సాయంత్రం ప్రిసిల్లా మొదలుపెట్టింది. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఇంట్లో కొందరి హృదయాలు పాత సున్నం గోడల్లా గట్టిపడిపోయాయి. కొత్తదనాన్ని చూసి ఓర్వలేని మనసుల్ని నువ్వే మెత్తబరచు ప్రభువా."

"ఆమెన్," అన్నాడు రోనాల్డ్.

నా వంతు వచ్చింది. "ప్రభువా, ఉన్నదాంతో తృప్తి లేని ఆత్మని ఈ ఇంటి గడప దాటించు. ఫోన్లో కనబడిన ప్రతి వంటిల్లూ మనకే కావాలనే ఆశని అణచు తండ్రీ. పక్కవాళ్ళ నెత్తిమీద కప్పు పీకి మన కప్పు ఎత్తుగా కట్టుకునే బుద్ధి మా ఎవరికీ రానీయకు."

"ఆమెన్," అన్నాడు రోనాల్డ్, అదే గొంతుతో.

మే నెల సగం ఇలాగే నడిచింది. ఆమె గర్వం గురించి ప్రార్థిస్తే నేను అత్యాశ గురించి ప్రార్థించాను. ఒకరోజు ఆమె నా కోపం పేరెత్తి దేవుడి ముందు కన్నీళ్ళు పెట్టుకుంది. మర్నాడు నేను "పగలంతా నవ్వుతూ తిరిగి ప్రార్థనలో ఏడ్చేవాళ్ళని" దేవుడికి అప్పగించాను. పగలు మాత్రం "వదినా, ఉప్పు సరిపోయిందా" అంటే "సరిపోయిందమ్మా" అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ ఒక విషయం ఒప్పుకోవాలి. అన్ని రోజులూ నా గది తీయొద్దని నేను రోనాల్డ్ మొహం మీద ఒక్కసారి కూడా అనలేదు. దేవుడికి చెబుతూ ఉంటే వాడే విని ఆపుతాడనుకున్నాను. వాడు విన్నాడు, ఆమెన్ అన్నాడు, మే ఇరవైన మేస్త్రీ వచ్చాడు.

మేస్త్రీ పేరు బాలనర్సు. నా మంచం, బీరువా, ట్రంకు పెట్టె హాల్లోకి దింపించి, నన్ను దివాన్ మీద కూర్చోబెట్టారు. గ్యాసు పొయ్యి వరండాలోకి మారింది. ఎండ నలభై మూడు, నలభై నాలుగు. వరండాలో చారు పెడుతుంటే బజారుకి పోయే ప్రతివాడూ మా గిన్నెలోకి తొంగిచూసి పోయేవాడు.

"అమ్మా, జెర జరుగుండ్రి, దుమ్ము వడ్తది," అన్నాడు బాలనర్సు మొదటి పలక పీకుతూ.

"నా గది దుమ్మే కదా. పడనీ."

"గీ దూలాలు సాగ్వాన్‌వమ్మా. అసల్ టేకు. గిప్పుడు గిసొంటియి యాడ దొరుకుతయి. నాకే తీయబుద్ధి ఐతలేదు."

"అయితే తీయకు."

"సారు తీయమన్నడు గదా," అని నవ్వి గునపం అందుకున్నాడు. "మొత్తం అయినంక మంచిగుంటదమ్మా. చర్చి లెక్క కొడ్తది."

"చర్చిలో వంట చేయరు," అన్నాను. అతను దానికీ నవ్వాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు.

నాలుగో రోజుకి మిద్దె పూర్తిగా పోయింది. కింద నిలబడి తలెత్తి చూస్తే గోడ కింది సగం పొగ రంగు, పై సగం నా గది నీలం రంగు. నా కేలండరు మేకుకి అలాగే వేలాడుతోంది, నేల నుంచి పదమూడు అడుగుల ఎత్తున, ఇంకా ఏప్రిల్ నెలలోనే. అది తీసివ్వమని అడగడానికి నాకు మనసొప్పలేదు. ప్రిసిల్లా కూడా వచ్చి నా పక్కన నిలబడి పైకి చూసింది.

"ఎంత వెలుతురో చూడండి వదినా," అంది.

"మా అమ్మ ఇందులో పదిహేనేళ్ళు వండింది. వెలుతురు లేదని ఎప్పుడూ అనలేదు."

"అనే సందు ఆవిడకి ఎవరిచ్చారు," అంది ప్రిసిల్లా.

ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. మా అమ్మని ఈవిడ చూసింది లేదు, పెట్టింది లేదు. రెండు రోజులు ఆమె వండింది ముట్టుకోకుండా బన్ను తిని పడుకున్నాను. ఆమె కూడా బతిమాలలేదు, రెండో రోజు నా కంచమే పెట్టలేదు.

జూన్ వచ్చింది. వానలు పడేలోపు పెంకులు తిరిగి కప్పాలని అందరూ ఒకటే హడావుడి. వంటిల్లు తయారవుతోంది గానీ ముందు వరండాలో ఇటుక కూడా పడలేదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం విష్ణువర్ధన్ చెక్క ప్యానెళ్ళు దింపించుకుంటుంటే పిలిచి అడిగాను.

"నా గది పని ఎప్పుడు మొదలు?"

"ఏ గది మేడం?"

"వరండా గది. నువ్వు సౌండ్ రాకుండా చేస్తానన్నావే, అది."

"అది క్యాన్సిల్ కదా మేడం. మొన్ననే వద్దన్నారు."

ఎవరు వద్దన్నారని నేను అడగలేదు. అడగక్కర్లేదనుకున్నాను. ఇంట్లో నేనంటే గిట్టనిది ఒక్కతే కదా. ఆ మధ్యాహ్నమంతా దివాన్ మీద కూర్చుని సాయంత్రం చేయబోయే ముగింపు ప్రార్థన మాట మాటా సిద్ధం చేసుకున్నాను. మాట ఇచ్చి తప్పినవాళ్ళకి ఏమేం జరగాలో అన్నీ అందులో ఉన్నాయి. అలాంటి ప్రార్థన వింటే దేవుడే భయపడి ఉండేవాడు.

ఏడింటికి వంటింటిపై కప్పిన టార్పాలిన్ మీద చినుకులు మొదలయ్యాయి. ముగ్గురం హాల్లో కూర్చున్నాం. ప్రిసిల్లా క్లుప్తంగా ముగించింది. నేను గొంతు సవరించుకున్నాను.

"అక్కా, ఇవాళ ముగింపు ప్రార్థన నేను చేస్తాను," అన్నాడు రోనాల్డ్.

వాడు నోరు తెరిచి ప్రార్థన చేయడం వాడి పెళ్ళి తర్వాత నేను వినలేదు. సంతోషించాను కూడా, పిచ్చిదాన్ని. కళ్ళు మూసుకున్నాను.

"ప్రేమగల తండ్రీ," అన్నాడు, "మా అక్క మేబెల్ కోసం అల్వాల్లో నువ్వు చూపించిన ఇంటిని బట్టి నీకు స్తోత్రం. మెట్లు లేకుండా కింది వాటా దొరికేలా చేశావు, స్తోత్రం. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేలా చేశావు, స్తోత్రం. ఇంటివాళ్ళు మంచివాళ్ళు, స్తోత్రం. జూలై నుంచి మా అక్క అక్కడ నెమ్మదిగా ఉండేలా సహాయం చెయ్యి తండ్రీ."

నేను కళ్ళు తెరిచాను. ప్రిసిల్లా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నా వైపు చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని. రోనాల్డ్ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. ఆమెన్ ఎవరూ అనలేదు. చివరికి తనే ఆమెన్ అనేసుకున్నాడు.

"ఏందండీ ఇది," అంది ప్రిసిల్లా. "వరండా గది ఏమైంది? నాకు చెప్పనే లేదు."

"టార్పాలిన్ ఎగిరిపోతున్నట్టుంది," అని వాడు లేచి వెనక్కి వెళ్ళిపోయాడు.

"వదినా, దేవుడి తోడు, నాకు తెలీదు," అంది ఆమె. నేను నమ్మలేదు. ఇప్పటికీ సగమే నమ్ముతాను. కానీ ఆ రోజు ఆమె మొహంలో ఉన్న భయం వేరు. అక్కకే చెప్పకుండా ఇంత చేసినవాడు రేపు నాకేం చేస్తాడోనని ఆమె లెక్క వేసుకుంటున్నట్టు అనిపించింది.

ఇల్లు సగం నాది. కదలనని భీష్మించుకుంటే కదిపేవాడు లేడు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. కానీ నా ఒళ్ళంతా పొగరే. నన్ను పొమ్మని దేవుడికి అర్జీ పెట్టుకున్నవాడి ఇంట్లో కూర్చుని నా సగం నాకివ్వమని అడగడమా. అడగలేదు. వెళ్ళి ఇల్లు చూడనూ లేదు. ఆ తర్వాత మూడు వారాలు ప్రార్థనలో నా వంతు వస్తే "మనసులో చేసుకున్నాను" అని లేచిపోయాను. రోనాల్డ్ మూడు వారాలూ నా మొహం చూడకుండా అన్నం తిన్నాడు.

జూలై మొదటి శనివారం కొత్త వంటింట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. చర్చి వాళ్ళు ముప్ఫైమంది వచ్చారు. అందరూ లోపలికి అడుగుపెట్టగానే తలలు పైకెత్తారు. నా గది ఉన్న చోటు మూడు దీపాలు వెలుగుతున్నాయి. గోడ నీలం రంగు మీద తెల్ల రంగు వేశారు. పాట పాడితే ఆ ఎత్తులో గొంతులు బాగా మోగాయి, బాలనర్సు చెప్పింది నిజమే. మా పాస్టరు నతానియేల్ అయ్యగారు చిన్న వాక్యం చెప్పి, "ఇంటికి పెద్ద దిక్కు మేబెల్ టీచరుగారు ఇప్పుడు సాక్ష్యం చెబుతారు" అన్నారు.

నేను లేచాను. ప్రిసిల్లా చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"దేవుడు మా ఇంట్లో గొప్ప కార్యం చేశాడు," అన్నాను. "నా తమ్ముడు నాకు అల్వాల్లో ఇల్లు చూశాడు. ఆ మాట నాతో అనలేదు. దేవుడితో చెబుతుంటే పక్కన కూర్చున్నాను కాబట్టి విన్నాను. సోమవారం వెళ్ళిపోతున్నాను. రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయట. స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు ముప్ఫైమందీ, అలవాటు కొద్దీ. అన్నాక ఏమన్నారో తెలిసింది. అయ్యగారు గబగబా పాటల పుస్తకం తిప్పారు. రోనాల్డ్ తల వంచుకుని కుర్చీ చేయి గోకుతూ కూర్చున్నాడు.

భోజనాల దగ్గర ప్రిసిల్లా నా పక్కకి వచ్చి, నవ్వు మొహంతో అందరికీ కనబడేలా నాకు బిర్యానీ వడ్డిస్తూ, పళ్ళ సందున అంది. "అంతమందిలో మా పరువు తీశారు వదినా. ఈ వంటింట్లో నేను అడుగు పెట్టినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది."

"గుర్తుండాలనే చెప్పాను," అన్నాను. "ఇంకో ముక్క వెయ్యి."

వేసింది. ఎముక ముక్క ఏరి మరీ వేసింది.

సోమవారం పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, బీరువా, ట్రంకు పెట్టె ఎక్కించారు. ప్రిసిల్లా లోపలి నుంచి రాలేదు. రోనాల్డ్ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఇళ్ళలో ప్రయాణానికి ముందు ప్రార్థన చేసుకోవడం అలవాటు.

"ప్రార్థన చేసుకుని బయల్దేరదాం అక్కా," అన్నాడు కళ్ళు మూసుకోబోతూ.

"వద్దు. కళ్ళు మూసుకోకు. ఏదన్నా ఉంటే నాతోనే చెప్పు. ఎందుకు పంపిస్తున్నావు?"

ఆటో అతను బీడీ వెలిగించుకున్నాడు.

"నువ్వు రిటైరై రోజంతా ఇంట్లో ఉంటావంటే భయమేసింది," అన్నాడు చివరికి.

"ఆ ముక్క నాకు చెప్పడానికి ఏం? ఎదురుగానే ఉన్నాను కదరా, నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ."

వాడు నా వైపు చూశాడు. నిజంగా చూశాడు. వాడి కళ్ళకింద అంత నలుపు ఉందని నాకప్పుడే తెలిసింది.

"అమ్మ చనిపోయిన వారంలో నేను నీ దగ్గరకొచ్చి ఏడ్చానక్కా. నువ్వు వంట చేస్తున్నావు. 'నాకు చెప్పకు, పోయి ప్రభువుకి చెప్పుకో' అన్నావు. అప్పట్నుంచీ ఆయనకే చెప్పుకుంటున్నా."

నాకు గుర్తు లేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ పరీక్షలు, నాన్నకి క్యారియరు, వీడికి బడి. గుర్తు లేదు గానీ అలా అనే ఉంటాను. అచ్చం నా మాటే అది. ఆటో ఎక్కి కూర్చున్నాను. వాడు నా చెప్పుల సంచీ అందించాడు.

అల్వాల్ ఇల్లు చిన్నది. వంటింట్లో చెయ్యెత్తితే కప్పు తగులుతుంది, బూజు నేనే దులుపుకుంటాను. ప్రిసిల్లా ఇటు రాదు, నేనూ అటు వెళ్ళను. చర్చిలో కనబడితే వందనాలు చెప్పుకుంటాం. రోనాల్డ్ మాత్రం నెలకి రెండు ఆదివారాలు వచ్చి, కుర్చీ అంచున అరగంట కూర్చుని పోతాడు. మాట్లాడేది తక్కువే.

మొన్న వచ్చినప్పుడు కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కాసేపు నేల చూసి, "అక్కా, పంచదార ఎక్కువైంది" అన్నాడు.

నలభై ఏళ్ళుగా రెండు చెంచాలే వేస్తున్నాను. ఇన్నేళ్ళకి తెలిసిందా నీకు, తాగితే తాగు లేకపోతే మానెయ్ అని నోటి దాకా వచ్చింది. వాడు గ్లాసు పట్టుకుని నా మొహం వైపే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా. నేను ఆ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టి, "ఎంత వెయ్యమంటావురా" అని అక్కణ్ణుంచే అడిగాను.

"అర చెంచా చాలు," అన్నాడు.